సబ్బుల పాఠంలో ముడిసరుకు ఊసు

ఎన్.సి.ఇ.ఆర్.టి. ప్రచురించిన పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకంలో కార్బన్ సమ్మేళనాల అధ్యాయం చివర సబ్బులు, డిటర్జెంట్లను గురించిన చిన్న పాఠం ఒకటి ఉన్నది. దేశంలో లక్షలాది విద్యార్థులు ఏటా చదివే పాఠం ఇది. అంగట్లో కొనే వస్తువుకూ అణువు నిర్మాణానికీ సంబంధం చూపే పాఠాలు పాఠశాల రసాయనశాస్త్రంలో ఎక్కువ లేవు. ఉన్నవాటిలో ఇది మంచిది. మంచిది కనుకనే దీనిని కొంచెం గట్టిగా పరీక్షించవలసి ఉన్నది.

పాఠంలో మెచ్చుకోదగినవి ముందుగా చెప్పాలి. సబ్బు అణువుకు ఒక కొన నీటిని కోరేది, పొడుగైన తోక నూనెను కోరేది. ఇటువంటి అణువులు గుంపుగా చేరి, తోకలు లోపలికీ తలలు బయటికీ ఉండేటట్లు మిసెల్ అనే గోళంగా ఏర్పడి, జిడ్డును నడుమ బంధించి నీటిలో తేలుస్తవి. ఈ సంగతిని బొమ్మతో సహా తేటగా చెప్పినారు. బట్టను బండమీద బాదడం, బ్రష్షుతో రుద్దడం ఎందుకు అవసరమని అడిగిన ప్రశ్న మరీ బాగున్నది. చాకిరేవు చూసిన ప్రతి పిల్లవాడూ దానిని గురించి ఆలోచించగలడు.

చిక్కు ఆ తరువాత వస్తున్నది. సబ్బు కఠినజలంలో కాల్షియం, మెగ్నీషియం లవణాలతో కలిసి తెట్టుగా విరిగిపోతుంది. ఈ ఇబ్బందిని తప్పించడానికి డిటర్జెంట్లు వాడుతారు. అవి సల్ఫోనిక్ ఆమ్లాల సోడియం లవణాలు, లేదా క్లోరైడు, బ్రోమైడు అయానులు గల అమ్మోనియం లవణాలు. పాఠం ఇంతటితో తృప్తిపడింది. ఇది చదివిన విద్యార్థికి డిటర్జెంటు అనేది కేవలం కఠినజలం మీద రసాయనశాస్త్రజ్ఞుడు సాధించిన విజయంగా తోస్తుంది. ఆ సల్ఫోనిక్ ఆమ్లం దేనితో చేసినారు, ఆ దినుసు ఎక్కడినుండి వచ్చింది, దాని వెల పెరిగితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు పాఠంలో తావే లేదు. చరిత్ర చూస్తే ఈ పరిశ్రమ పుట్టుకకు కఠినజలం ఎంత కారణమో, ముడిసరుకు కరువు అంతకు తక్కువ కారణం కాదు.

మొదటి ప్రపంచయుద్ధకాలంలో సముద్రమార్గాలు మూసుకొనిపోయి జర్మనీకి కొవ్వులు, నూనెలు రావడం తగ్గింది. ఉన్న కొవ్వు తిండికి కావాలి. దానినుండి వచ్చే గ్లిసరిన్ పేలుడు పదార్థాలకు కావాలి. సబ్బుకు మిగిలేది కొంచెమే. ఆ పరిస్థితిలోనే 1917లో బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థలో ఫ్రిట్జ్ గుంథర్ తారునుండి లభించే నాఫ్తలీన్‌తో ఒక సల్ఫోనేటును తయారుచేసినాడు. దీనికి నెకాల్ అని పేరు. ఇది బట్టను తడపడంలో గట్టిది, మురికి వదిలించడంలో సామాన్యమైనది. అయినా ఒక మాట రుజువైంది: కొవ్వు లేకుండానే నీటి తలతన్యతను తగ్గించే పదార్థం చేయవచ్చును. 1932లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన ఫేవా మాత్రం కొవ్వు ఆల్కహాలుతో చేసినది. అక్కడ కఠినజలం నిజంగానే ప్రధాన కారణం. కనుక పాఠ్యపుస్తకం చెప్పినది అబద్ధం కాదు, సగం. 1946లో అమెరికాలో టైడ్ వచ్చింది. ఆ తరువాత చమురుశుద్ధి కర్మాగారాలలో చవకగా దొరికిన హైడ్రోకార్బన్లు సబ్బును వెనుకకు నెట్టినవి. 1953 నాటికే అమెరికాలో డిటర్జెంట్ల అమ్మకం సబ్బు అమ్మకాన్ని దాటింది.

ఈ సంబంధాన్ని తరగతిలో చూపడానికి పెద్ద అర్థశాస్త్రం అక్కరలేదు. పరమాణు భారాలు చాలు. బట్టల పొడులలో అధికంగా వాడే పదార్థం సరళ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేటు. దానిలో 12 కార్బన్ల శృంఖలం ఉన్నదనుకుంటే తయారీ ఇలా సాగుతుంది. కిరోసిన్‌నుండి వేరుచేసిన డోడెకేన్ 170 భాగాలు తీసుకొని రెండు భాగాల హైడ్రోజన్ తొలగిస్తే 168 భాగాల డోడెసీన్ వస్తుంది. దానికి 78 భాగాల బెంజీన్ చేరిస్తే 246 భాగాల ఆల్కైల్ బెంజీన్. దానికి 80 భాగాల సల్ఫర్ ట్రై ఆక్సైడు కలిపితే 326 భాగాల సల్ఫోనిక్ ఆమ్లం. 40 భాగాల కాస్టిక్ సోడాతో తటస్థీకరించి, 18 భాగాల నీరు పోగా, 348 భాగాల సోడియం లవణం మిగులుతుంది. అంటే సరుకు బరువులో సుమారు 70 శాతం నేరుగా శిలాతైలంనుండి వచ్చినదే. సల్ఫర్ ట్రై ఆక్సైడుకు కావలసిన గంధకం కూడ ఈనాడు చాలావరకు చమురు, సహజవాయువులను శుద్ధిచేసేటప్పుడు లభిస్తున్నదే. కాస్టిక్ సోడా ఉప్పునీటి విద్యుద్విశ్లేషణవల్ల వస్తుంది. దాని వెలలో విద్యుచ్ఛక్తి వెల పెద్ద పాలు. పదవ తరగతి విద్యార్థి వేరే అధ్యాయంలో చదివిన క్లోర్-ఆల్కలీ ప్రక్రియ ఇక్కడికి వచ్చి కలుస్తున్నది. ఆ కలయికను పుస్తకం చూపలేదు.

మరొక విషయం గమనించదగినది. ఈ పరిశ్రమ తన దినుసుల బజారులో చిన్న బేరగాడు. బెంజీన్‌లో అధికభాగం ప్లాస్టిక్కులు, నైలాన్ వంటివాటి తయారీకి పోతుంది. దాని ధరను నిర్ణయించేది వాటి గిరాకీ. 10నుండి 13 కార్బన్లు గల హైడ్రోకార్బన్లున్న కిరోసిన్ విమానాలకు ఇంధనం. విమానాలు ఎక్కువగా ఎగిరితే కిరోసిన్‌కు పోటీ పెరుగుతుంది. 2020లో వలె విమానాలు ఆగిపోతే శుద్ధి కర్మాగారాలే పని తగ్గించుకొంటవి. చేతులు కడుక్కొనే సరుకుకు గిరాకీ పెరిగిన సంవత్సరంలోనే ఇది జరగడం విచిత్రం. ఇంటికి పొదుపు చేద్దామనుకొనే గృహిణికి వాషింగ్ పౌడరు ధర ఎందుకు మారిందో తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

శిలాతైలానికి ప్రత్యామ్నాయంగా చెట్టునుండి వచ్చే నూనె ఉన్నది గదా అనవచ్చును. ఉన్నది, షాంపూలలో, పళ్లపొడి ముద్దలలో వాడే లారిల్ సల్ఫేటు చాలావరకు అటువంటిదే. కాని ఆ దారిలో స్వేచ్ఛ తక్కువ. నురుగుకు, కరుగుదలకు అనుకూలమైన 12 కార్బన్ల ఆమ్లం సమృద్ధిగా ఉన్న వాణిజ్య తైలాలు ముఖ్యంగా రెండే: కొబ్బరినూనె, పామ్ గింజ నూనె. వాటిలోనూ అది సుమారు సగమే. తక్కిన సగానికి, అంటే 8, 10, 14, 16, 18 కార్బన్ల ఆమ్లాలకు, వేరే కొనుగోలుదారులు దొరకాలి. కొవ్వును విడగొడితే పదోవంతు గ్లిసరిన్ వస్తుంది. దానికీ బేరం కుదరాలి. బయోడీజిల్ పరిశ్రమ పెరిగి గ్లిసరిన్‌ను కుప్పలు పోసిన తరువాత ఆ బేరం పలచబడింది. ఒకే కాయనుండి వచ్చిన నాలుగైదు సరుకులలో ఒకదాని ధర పడితే, దానిని మిగిలినవి మోయవలసినదే.

చెట్టుకు మరొక పరిమితి కాలం. 2013 నవంబరులో హయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌లో 3 కోట్లకు పైగా కొబ్బరిచెట్లను కూల్చింది లేదా పాడుచేసింది. కొబ్బరి మొక్క నాటిన ఆరేడు సంవత్సరాలకుగాని సరిగా కాపుకు రాదు. కర్మాగారాన్ని మరమ్మతు చేసినంత తొందరగా తోటను మరమ్మతు చేయడానికి వీలులేదు. ఇక 2022లో జరిగినది తుపాను కాదు, ప్రభుత్వ నిర్ణయం. వంటనూనె ధరలను అదుపుచేయడానికి ఇండోనీషియా ఏప్రిల్ 28నుండి మే 23 వరకు పామాయిల్ ఎగుమతిని నిషేధించింది. అంతకు ముందే, మార్చిలో, మలేషియా బజారులో ముడి పామాయిల్ టన్ను ధర 7,000 రింగిట్లు దాటి ఉన్నది. పామాయిల్ దిగుమతిలో ప్రపంచంలో మొదటి వరుసలో ఉన్న భారతదేశంలో సబ్బు తయారీదారులకు ఇది గట్టి దెబ్బ. కొందరు ధర పెంచినారు. కొందరు ధర అలాగే ఉంచి బిళ్ల బరువు తగ్గించినారు. బిళ్ల బరువు తగ్గినదని కొనేవాడు గుర్తించడానికి తక్కెడ కావాలి.

ముడిసరుకు ప్రియమైనప్పుడు కర్మాగారంలో చేసే మార్పు అణువులో కనబడదు, పాళ్లలో కనబడుతుంది. స్నానపు సబ్బుకు భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించిన మొదటి శ్రేణిలో మొత్తం కొవ్వు పదార్థం 76 శాతానికి తగ్గరాదు. మూడవ శ్రేణిలో 60 శాతం చాలును. ఈ అంకె చాలా సబ్బుల కాగితం మీద అచ్చయి ఉంటుంది. పిల్లలు ఇంటినుండి నాలుగు సబ్బు కాగితాలు తెచ్చి పోల్చిచూడవచ్చు. బట్టల పొడిలో క్రియాశీల పదార్థం తగ్గించి చాకలి సోడాను, ఉప్పులను ఎక్కువ చేయవచ్చును. ఇటువంటి పొడి చవక. నురుగు కొంత తక్కువ, చేతులకు మంట కొంత ఎక్కువ.

ఇక్కడ పాఠ్యపుస్తకం మీద ఒక శాస్త్రీయమైన ఆక్షేపణ కూడ ఉన్నది. డిటర్జెంటు అణువు కాల్షియంతో అవక్షేపం ఏర్పరచదని పుస్తకం నిష్కర్షగా చెప్పింది. సబ్బుతో పోలిస్తే నిజమే. కాని సరళ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేటు కూడ బాగా కఠినమైన నీటిలో కాల్షియం లవణంగా కొంత అవక్షేపిస్తుంది. అందుకే పొడిలో ఫాస్ఫేటు, జియొలైటు, చాకలి సోడా వంటివి కలిపి కాల్షియాన్ని ముందుగా అడ్డగిస్తారు. ఈ సంగతి చెబితే డిటర్జెంటు అనేది ఒక్క పదార్థం కాదనీ, ఒక మిశ్రమమనీ, దానిలో ప్రతి దినుసుకు వేరు వేరు గనీ, బావీ, ధరా ఉన్నవనీ తెలుస్తుంది.

అన్నిటికంటె పెద్ద లోటు వేరొకటి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత వచ్చిన మొదటి ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేట్లు ప్రొపిలీన్‌తో చేసినవి. ప్రొపిలీన్ శుద్ధి కర్మాగారంలో అతి చవకగా దొరికేది; నాలుగు అణువులను కలిపితే 12 కార్బన్ల శృంఖలం సిద్ధం. కాని ఆ శృంఖలం కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది. బాక్టీరియాలు దానిని సులభంగా తినలేవు. ఫలితంగా 1950లలో ఐరోపా, అమెరికా నదులమీద నురుగు గుట్టలుగా పేరుకొన్నది. పశ్చిమ జర్మనీ 1961లో చట్టం చేసి 1964నుండి అమలుపెట్టింది; అమెరికా పరిశ్రమ 1965లో సరళ శృంఖలానికి మారింది. సరళ శృంఖలం కావాలంటే కిరోసిన్‌లోని సరళ అణువులను అణుజల్లెడలతో ఏరాలి. ఇది ఖర్చుతో కూడిన పని. చవక దినుసు ఏది అన్నదానిమీద నది ఆరోగ్యం ఆధారపడిన ఉదాహరణ ఇంతకంటె స్పష్టమైనది దొరకడం కష్టం. ఈ కొమ్మల శృంఖలాల ప్రస్తావన పన్నెండవ తరగతి రసాయనశాస్త్రంలో నిత్యజీవితానికి సంబంధించిన అధ్యాయంలో ఉండేది. 2022లో పాఠ్యభారం తగ్గించే పేరుతో ఆ అధ్యాయాన్నీ, మిసెల్‌ను వివరంగా చెప్పే ఉపరితల రసాయనశాస్త్ర అధ్యాయాన్నీ కూడ తొలగించినారు. పదవ తరగతిలో వదలిన ఖాళీని నింపవలసిన రెండు చోట్లూ ఈ విధంగా పోయినవి. భారం ఎంత తగ్గినదో గాని, పాఠానికి కొనసాగింపు లేకుండా పోయింది.

తెలుగు ప్రాంతాల ఉపాధ్యాయునికి దగ్గరలోనే మంచి ఉదాహరణ ఉన్నది. దేశంలో ఆయిల్‌పామ్ సాగుకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముఖ్యమైన రాష్ట్రాలు. పశ్చిమగోదావరి, ఖమ్మం ప్రాంతాల పిల్లలు గెలలు లారీలకు ఎక్కడం చూస్తారు. ఆ పండు గుజ్జునుండి వచ్చే నూనెలో 16, 18 కార్బన్ల ఆమ్లాలు ఎక్కువ. అది వంటకు, బిళ్ల సబ్బుకు. లోపలి గింజ నూనెలో 12 కార్బన్ల ఆమ్లం ఎక్కువ, అది నురుగుకు. ఒకే పండులో రెండు రసాయనశాస్త్రాలు. కోనసీమ కొబ్బరి తినడానికీ తలకూ పోగా మిగిలేది తక్కువ కనుక సబ్బుకు దాని ధర గిట్టదు. కుంకుడుకాయలోని సపోనిన్లు కూడ ఉపరితల క్రియాశీల పదార్థాలే. ఆ మాటకూ పాఠంలో ఒక వాక్యం చోటు దొరకలేదు.

పునర్ముద్రణలో పాఠాన్ని పెంచనక్కరలేదు. 348 భాగాల లెక్క ఒక పట్టికగా, నురుగు నదుల సంగతి నాలుగు వాక్యాలుగా చేర్చవచ్చు. డిటర్జెంటుతో నీటి కాఠిన్యాన్ని పరీక్షించవచ్చునా అని అడిగిన చోటనే మరొక ప్రశ్న వేయవచ్చు: బెంజీన్ ధర రెండింతలయి, మిగిలిన దినుసుల ధరలు మారకపోతే, ఒక టన్ను సల్ఫోనేటుకు ఖర్చు ఎంత పెరుగుతుంది? దీనికి జవాబు చెప్పాలంటే విద్యార్థికి కావలసినవి సమీకరణం, పరమాణు భారాలు, ఆనాటి ధరల జాబితా మాత్రమే.