ఎత్తుకునే చేతులు

మొన్న హోటల్లో పక్క టేబుల్ దగ్గర రెండేళ్ల బుడతడు. మంచినీళ్ల సీసాకి ఆనించిన ఫోన్లో రంగురంగుల బొమ్మలు గంతులేస్తున్నాయి. వాళ్లమ్మ ఇడ్లీ ముక్క పెడుతోంది, వాడు నోరు తెరుస్తున్నాడు. ఏం తింటున్నాడో వాడికి పట్టలేదు. ఫోన్ మీద నాకున్న పాత కక్ష ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలిసిందే. ఒళ్లు మండింది.

ఇంటికొచ్చి కాగితం ముందేసుకున్నాను. అస్త్రాలకేం తక్కువ? రెండేళ్లలోపు పిల్లలకి వీడియో కాల్ తప్ప స్క్రీనే వద్దని, ఐదేళ్లలోపు గంట దాటొద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పనే చెప్పింది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలున్న 422 మంది తల్లిదండ్రుల్ని మిషిగన్ పరిశోధకులు అడిగి చూశారు. ఏడుపు మాన్పడానికి తరచూ ఫోనిచ్చే ఇళ్లలో, ముఖ్యంగా మగపిల్లల్లో, తర్వాత్తర్వాత పేచీ ఎక్కువైనట్టు 2022లో రాశారు.

ఇక మా అమ్మమ్మగారి రోజుల్ని పొగడబోయాను. కలం ఆగింది. ఆ రోజులు నాకు మరీ బాగా గుర్తు. చందమామని చూపించి ముద్ద నోట్లో కుక్కేవారు. అమావాస్య అయితే కాకి, కుక్క, రోడ్డు మీద పోయే లారీ. దేనికీ లొంగకపోతే బూచాడు. మా పెద్దత్తయ్య తలుపు వెనక నుంచి బూచాడి గొంతు కూడా తనే పెట్టేది. మీసాలొచ్చాక కూడా ఆ తలుపు దగ్గర నా నడక జోరందుకునేది. రాత్రి ఏడిస్తే గ్రైప్ వాటర్. 1851లో ఇంగ్లండులో పుట్టిన ఆ మందులో చాలాకాలం ఆల్కహాలు ఉండేది. పిల్లాడు హాయిగా పడుకున్నాడని మావాళ్లు మురిసేవారు. ఏమార్చడంలో ఫోన్‌కి తీసిపోయినవాళ్లు కాదు.

కాకపోతే చందమామని చూపించాలంటే పిల్లాణ్ణి చంకనేసుకుని పెరట్లోకి నడవాలి. అమ్మకి చెయ్యి నొప్పెడితే పిన్ని, పిన్నికి పనుంటే పక్కింటి మామ్మగారు. ఎవరో ఒకరి భుజం మీద ఏడుపు తగ్గేది. మియాపూర్లో పదకొండో అంతస్తు తల్లికి ఆ భుజాలేవి? పొయ్యి మీద కుక్కర్, ల్యాప్‌టాప్‌లో మీటింగు, ఆయన ఇంకా మెట్రోలో.

“ముందు అన్నం పూట ఫోన్ మాన్పించమ్మా, చేతికి గరిటె, గిన్నె ఇవ్వు, నేల పాడైతే అవనీ, నాలుగు రోజులు రాగాలు తీసి ఊరుకుంటాడు” అనడం తేలికే. ఆ నాలుగు రోజులూ ఎత్తుకునేదెవరు? అందుకే ఈ వారం నా సలహా తల్లికి కాదు. సాయంత్రం వాకింగ్‌కి చేతులూపుకుంటూ బయల్దేరే తాతయ్యలూ, మావయ్యలూ, ఎదురింటి రిటైర్డ్ మాస్టార్లూ, వెళ్తూ వెళ్తూ ఓ పిల్లాణ్ణి చంకనేసుకోండి. లిఫ్టు బటన్లన్నీ నొక్కనివ్వండి, వాచ్‌మన్ గారి కోడిని చూపించండి. మీ ఫోన్ మాత్రం ఇంట్లో పెట్టి రండి. మీరు వాట్సాప్ తెరిస్తే వాడూ అదే అడుగుతాడు.