మోచేతికి 15 డిగ్రీలు, మోకాలికి చప్పట్లు

ఉప్పల్ స్టేడియంలో బౌలర్ చెయ్యి తిప్పితే, మోచెయ్యి ఎంత సాగొచ్చో లెక్కుంది. 15 డిగ్రీలు దాటితే ఆ బౌలింగ్ చెల్లదు. అనుమానమొస్తే ల్యాబ్‌కి పంపుతారు, ఒంటి మీద మార్కర్లు అతికించి, చుట్టూ కెమెరాలు పెట్టి కొలుస్తారు. అదే ఉప్పల్‌లో, మినీ శిల్పారామంలో వారాంతాల్లో కూచిపూడి చూస్తాం. అరమండిలో ఉన్న అమ్మాయి మోకాలు ఏం మోస్తోందో ఎవరూ అడగరు. సమీక్షలో మాత్రం "లయబద్ధమైన పాదవిన్యాసం" అని పడుతుంది. ఆ మాట ఏ నర్తకికైనా సరిపోతుంది. అంటే ఎవరి గురించీ ఏమీ చెప్పదు.

అరమండిలో మోకాళ్లు పక్కలకి తెరుచుకోవాలి. ఆ తిరుగుడు తుంటి కీలు నుంచి రావాలి. తుంటి ఇవ్వలేనిదాన్ని పాదాలతో బలవంతంగా లాగితే మధ్యలో నలిగేది మోకాలు. అది మడవడానికీ చాచడానికీ ఉన్న కీలు, మెలికకి పెద్దగా ఒప్పుకోదు. పైగా తుంటి ఎముకల అమరిక అందరికీ ఒకేలా ఉండదు. కాబట్టి క్లాసులో వినిపించే "ఇంకా కిందికి కూర్చో" అన్న మాట ఒకరికి శిక్షణ, ఇంకొకరికి గాయం. నాచారంలో అపార్ట్‌మెంట్ల మధ్య నడిచే డాన్స్ క్లాసుల్లో పిల్లలు కాంక్రీటు మీద పరిచిన టైల్స్‌పై వట్టి కాళ్లతో అడుగులు వేస్తారు. నేల ఏమాత్రం లొంగదు. బ్యాలేకి అందుకే కింద స్ప్రింగునిచ్చే చెక్క నేలలు కడతారు. మనం మాత్రం నొప్పికి సాధన అని పేరు పెట్టి ఊరుకుంటాం.

"రసాన్ని కూడా కొలుస్తారా?" అనేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. 1973లో గున్నార్ యొహాన్సన్ అనే స్వీడిష్ శాస్త్రవేత్త మనిషి కీళ్ల దగ్గర చిన్న చిన్న వెలుగులు అమర్చి, చీకట్లో నడిపించి చూపించాడు. మొహం లేదు, ఒళ్లు లేదు, కదిలే చుక్కలే. అయినా చూసినవాళ్లు అది మనిషి నడకని వెంటనే పోల్చుకున్నారు. తర్వాత 1977లో కొజ్లోస్కీ, కటింగ్ ఇలాంటి చుక్కల నుంచే నడిచేది ఆడో మగో జనం చెప్పగలరా అని పరీక్షించారు. ప్రతిసారీ కాదుగానీ, ఊరికే ఊహిస్తే వచ్చే దానికన్నా ఎక్కువసార్లు సరిగ్గానే చెప్పారు.

ఇది చదివినప్పుడల్లా నాకు వేదాంతం సత్యనారాయణ శర్మ గుర్తొస్తారు. ఆయన సత్యభామని చూసి "అచ్చం ఆడదానిలా" అని మురిసిపోయాం. అది నిజంగా మెచ్చుకోలేనా? వీధిలో ఏ స్త్రీ భామాకలాపంలోలా నడవదు. ఆ నడకకి చుక్కలు అతికించి చూస్తే బహుశా మగ నడకా కాదు, ఆడ నడకా కాదు, మూడోదేదో బయటపడేది. భుజం ఎక్కడ ఆగింది, నడుము ఎంత ఆలస్యంగా కదిలింది అన్నవి చూస్తే, ఆయన అనుకరించలేదనీ, కొత్తగా తయారుచేశారనీ రుజువయ్యేదేమో. విమర్శ అడగాల్సిన ప్రశ్న అది. మనం చీరకీ జడకీ కితాబిచ్చి వచ్చేశాం.

కొలత చెయ్యలేనిదీ ఉంది. కోపంతో భామ ఒక్కసారి ఆగిపోతుంది. ఆ క్షణాన తెర మీద చుక్కలన్నీ నిలబడిపోతాయి. హాల్లో మాత్రం జనం ఊపిరి బిగబడతారు. ఎందుకో చెప్పాల్సింది విమర్శకుడే. కానీ ఆ ఆగడానికి ముందు వేగం ఎంత, ఎన్ని కండరాలు కలిసి దాన్ని పట్టి ఆపాయో తెలిసినవాడు ఆ మాట ఇంకాస్త బాగా చెబుతాడు. కనీసం మోకాలి గురించి ఒక్క వాక్యమైనా రాస్తాడు.