పడవ కుంచె, ఫ్లోటు రేకు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ రోజుల్లో మైపాడు వైపో జువ్వలదిన్నె వైపో వెళ్తే ఒడ్డున ఫైబర్ పడవలకు రంగులు పడుతుంటాయి. పక్కన పెయింటు డబ్బా, వెడల్పాటి కుంచె. స్ప్రే గన్ అరుదు. కారణం డబ్బొక్కటే కాదు. పొద్దెక్కేసరికి సముద్రం మీంచి గాలి లేస్తుంది. గన్‌లోంచి వచ్చే తుంపర సగం పడవకు, సగం పక్కవాడి వలకు. పడ్డ సగమైనా ఆరేలోపు ఇసుక పట్టి గరుకుకాగితమవుతుంది.

2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ట్విన్ ఒటర్ సీప్లేన్ ఎగిరినప్పుడు అందరూ రెక్కలు చూశారు. నాకు మాత్రం దాని కింది ఫ్లోట్ల మీదే ధ్యాస. కృష్ణ మంచినీళ్లు కాబట్టి సరిపోయింది. అదే విమానం కృష్ణపట్నం ఉప్పునీళ్లలో దిగుతూ లేస్తూ ఉంటే, ఆ ఫ్లోట్లకు మళ్లీ రంగెవరు వేస్తారు? ఎలా?

స్ప్రే గొప్పదనం కాదనలేం. పలచగా, సమంగా, అద్దంలా పరుచుకుంటుంది. విమానానికి ఆ పలచదనమే లాభం, పెయింటుకూ బరువుంటుంది కదా. కానీ గట్టి రకం పాలియురెథేన్‌లో కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది. అది తుంపరై ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఉబ్బసం పట్టుకోవచ్చు. మూసిన షెడ్డు, బయటి గాలి అందించే మాస్కు లేకుండా గన్ పట్టడం తెలివితక్కువ పని.

రోలరూ కుంచే కలిస్తే సంగతి వేరు. ఒకరు స్పాంజి రోలరుతో పలచగా పూస్తూ పోవాలి. వెనకే ఇంకొకరు మెత్తటి కుంచె కొనతో తేలిగ్గా నిమరాలి. నిదానంగా ఆరే థిన్నరు కలిపితే కుంచె గీతలు వాటంతటవే సర్దుకుంటాయి. రివెట్ల చుట్టూ, రేకుల అతుకుల్లోకీ గన్ కంటే కుంచే బాగా దూరుతుంది. నీటిగీతకు దిగువన మెరుపు చూసేదెవరు? అక్కడ కుంచెకే నా ఓటు.

అలాగని పడవ పద్ధతిని ఉన్నదున్నట్టు ఎత్తుకొస్తే కొంప మునుగుతుంది. హార్బర్‌లో నీళ్లలోనే నిలిచే పెద్ద బోట్ల అడుగుకు గుల్ల పట్టకుండా రాగి కలిసిన పెయింటు వేస్తారు. ఫ్లోటుది అల్యూమినియం రేకు. ఉప్పునీళ్లలో రాగీ అల్యూమినియమూ కలిస్తే బ్యాటరీలా పనిచేస్తాయి, తినుకుపోయేది అల్యూమినియమే. ఇనుప బ్రష్షుతో గీకడమూ అంతే చేటు. దాని పొడి రేకులో ఇరుక్కుని తుప్పుకు బీజం వేస్తుంది. వంటింటి స్కాచ్‌బ్రైట్ లాంటి నైలాన్ పీచు నయం. పడవకు పాత రంగు మీదే ఏటా కొత్త పూత వేసినా నడుస్తుంది. ఫ్లోటుకు అలా కుదరదు. బరువు పెరగడం ఒకటైతే, పగిలిన రివెట్టును, పొడిగా రాలే రేకును పూత దాచేయడం అసలు ముప్పు. పైన పటారం, లోన లొటారం అంటే అదే. పాత రంగు లేపి, రేకును ఇంజనీరు చూశాకే ప్రైమరు. ఏ ప్రైమరన్నది తయారీదారు మాన్యువల్ చెప్పాలి తప్ప పెయింటు కొట్టువాడు కాదు.

ప్రైమరుకు ముందు మంచినీళ్లతో ఉప్పు వదిలేలా కడిగి, జిడ్డు తీసి, చెంబెడు నీళ్లు పోసి చూడాలి. నీళ్లు పొరలా పరుచుకుంటే రేకు శుభ్రపడినట్టు. తామరాకు మీదలా చుక్కలు కట్టాయా, ఇంకా నూనె ఉంది.

గాలి ఉండదని తెల్లవారకముందే మొదలెడితే మంచు. రేకు వేడి మంచుబిందు స్థాయి (గాలిలోని చెమ్మ నీరుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి. ఎండ తగిలి చెమ్మ ఆరాక, గాలి లేవకముందు దొరికే కాసేపట్లో ఒక ఫ్లోటు ఒక పక్క పూర్తయితే చాలు. రెండో పక్క రేపు.