బొమ్మల గదికి బల్ల చేసే చెయ్యి

బొమ్మల కోసం వేరే భవనం అంటే గోదావరి వాళ్లకు రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు గ్యాలరీ గుర్తొస్తుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో మాత్రం డ్రాయింగ్ మాస్టారి ఇంటి ముందుగదే చాలాసార్లు బడి, గ్యాలరీ కూడా. ఆ ఇరుకును చక్కబెట్టే వడ్రంగి నేర్పు చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ముందు కిటికీ ఎటుందో చూస్తాడు. కుడిచేత్తో గీసేవాళ్లకు వెలుతురు ఎడమనుంచి రావాలి కాబట్టి బల్లలు అలా తిప్పుతాడు. పెద్ద డ్రాయింగ్ షీటు 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు. అంచు నలగకూడదని సొరుగు 24కి 32 చేస్తాడు. గౌతమీ వశిష్ఠల నడుమ నేల, వానాకాలం వచ్చిందంటే చెక్క ఉబ్బుతుంది. అందుకని సొరుగు పక్కన పిసరంత సందు వదులుతాడు. ఎంత వదలాలో టేపు చెప్పదు. చిత్రిక పట్టిన చెక్కమీద బొటనవేలు రాసి, సొరుగు లోపలికి తోసి, తీసి, మళ్లీ ఒక పొర లేపుతాడు. ఫ్రేముల వెనక చిన్న చెక్కముక్కలు కొడతాడు, గోడకు ఆనకుండా గాలాడితే బూజు పట్టదని. ఈజిల్‌కి మూడే కాళ్లు, గచ్చు ఎగుడుదిగుడైనా ఊగదు. బిల్లులో కలప, కూలీ తప్ప ఈ ఆలోచనకు పద్దు ఉండదు, ఉండితీరాలి. బల్లలు మడిచి గోడకు చేరేస్తే, ఆదివారం అదే గదిలో పిల్లల బొమ్మలన్నీ పెట్టి వీధి వీధినీ పిలవొచ్చు.