మైకు లేని గానం

పాతతరం ఇటాలియన్ ఒపేరా టెనార్లకు, అంటే పైస్థాయిలో పాడే పురుష గాయకులకు, మైకు లేదు. నిండు వాద్యబృందాన్ని దాటి వారి గొంతు చివరి వరుస దాకా చేరాలి. అందుకు అరుపు పనికిరాదు. పక్కటెముకలను విప్పారనిచ్చి, గాలిని పొదుపుగా వదిలేవారు. స్వరపేటికను దించి పాడితే 3000 హెర్ట్జ్ దగ్గర నాదానికి మెరుపు వస్తుంది. వాద్యాల ధ్వని అక్కడ పలచబడుతుంది కనుక గొంతు విడిగా వినిపిస్తుంది.

అన్నిటికన్నా కష్టం మధ్యస్థాయి నుంచి పైస్థాయికి మారే చోటు. అక్కడ అచ్చులను కాస్త గుండ్రంగా పలికి, అతుకు తెలియకుండా దాటేవారు. 1837లో పారిస్‌లో టెనార్ జిల్బెర్ దుప్రె పై 'సి' స్వరాన్ని నిండు గొంతుతో పలికాక శ్రోతలు టెనార్లందరి నుంచీ అదే కోరారు. టెనార్ కరూసో 1902లో మిలాన్‌లో ఇచ్చిన రికార్డుల్లో ఆ నిండుదనం గరగరల మధ్య కూడా చెక్కుచెదరలేదు. మరో టెనార్ బెన్యామినో జీలీ సన్నని స్వరాన్ని కూడా మెత్తగా, తొణకకుండా నిలిపేవాడు. పైస్వరం కంటే అరుదైన నేర్పు అది.