వంగిన నడుములు

పేదఱికమును చిత్రింపబూనిన కళాకారునికి సులభమైన మార్గమొకటి కలదు: నీరు నిండిన కన్నులను, చాచిన చేతిని చూపి చూపఱి హృదయమున జాలి పుట్టించుట. జాలిపడినవాడు తన దయకు తానే తృప్తిపడి సాగిపోవును. పేదవాని బ్రతుకు మాత్రము ఎప్పటియట్లే యుండును. ఫ్రెంచి చిత్రకారుడు జాన్ ఫ్రాన్స్వా మిలే 1857లో పారిస్ సలోన్ ప్రదర్శనయందుంచిన ‘పరిగె ఏరు స్త్రీలు’ అను చిత్రము నన్ను మరల మరల తనకడకు రప్పించుకొనుటకు కారణము, అతడా సులభమార్గమును త్రొక్కకుండుటయే.

కోత ముగిసిన గోధుమచేనిలో మువ్వురు స్త్రీలు రాలిన కంకులను ఏరుకొనుచున్నారు. ఒకతె ఏరిన కంకుల గుప్పిటను వీపుపై నానించుకొని నేలకు చేయి చాచినది. వేఱొకతె ఆమె ప్రక్కనే వంగినది. మూడవయామె నడుము సగమే యెత్తినది. మొగములు నీడలో నుండుటచే మన దృష్టి వంగిన నడుములమీదను, మొద్దుబాఱిన వ్రేళ్లమీదను నిలుచును. నార్మండీ సీమలోని గ్రూషీ గ్రామమున రైతుబిడ్డయై పుట్టి, యౌవనారంభము వఱకు పొలమున పాటుపడిన మిలేకు, శ్రమభారము దేహమున నే చోట నిలుచునో ఒకరు చెప్పవలసిన పనిలేదు.

ఇక దూరమున కొండలవంటి కుప్పలు, పంట నెత్తుచున్న బండి, కూలివారి గుంపు, గుఱ్ఱమెక్కి కనిపెట్టుచున్న అధికారి. పరిగె ఏరుకొనుట ఫ్రాన్సు పల్లెలలో పేదలకు పరంపరాగతమైన హక్కు; అయినను ఒక్కొక్క కంకికి ఒక్కొక్కమాఱు వంగిననే గాని ఫలింపని హక్కది. మన మహాభారతమున ఉంఛవృత్తితో, అనగా రాలిన గింజల నేరుకొని, జీవించిన విప్రుడు దానిని వ్రతముగా స్వీకరించి కీర్తిగాంచెను. ఈ స్త్రీలకు అదియే గత్యంతరములేని జీవనము. పంట పండిన చేనియందే ఆకలియు నున్నదను సత్యమును, చిత్రకారుడు కుప్పలను దూరమునను, స్త్రీలను దగ్గఱను నిలిపిన కూర్పుచేతనే మనకు తెలియజేసెను.

ఫ్రాన్సున 1848 నాటి విప్లవస్మృతి యింకను చల్లాఱని ఆ దినములలో కొందఱు విమర్శకులు ఈ చిత్రమునందు తిరుగుబాటు ఛాయలను చూచి కలవరపడిరి. పురాణ పురుషులకును, వీరులకును దక్కుచు వచ్చిన గాంభీర్యమును పేదరాండ్రకు ప్రసాదించుటయే వారికి సహింపరానిదై యుండునని నా యూహ. పేదలను గూర్చి కుంచెపట్టువాడైనను, కలముపట్టువాడైనను, వారు చేయు పనిని ముందెఱుగవలెను. ఆ పనిని చూపునపుడు కుప్ప లెవరివో అదియును తప్పక చూపవలెను. అట్టి చిత్రము చూచినవాడు జాలిపడి ఊరకుండజాలడు. న్యాయమును గూర్చి ఆలోచించును.