నూనె అడగని బెల్టు

తిరువూరు మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారిపై ఏ మోటారు సైకిలునైనా ఆపి, దాని చైను మీద వేలు పెట్టి చూడండి. మైలవరం వైపు నుంచి మోసుకొచ్చిన దుమ్ము, పత్తి లారీలు రాల్చిన నూగు, టైర్లు నూరిన కంకర పొడి, నిన్న పోసిన నూనె, మొన్న పూసిన గ్రీజు. అన్నీ కలిసి ఒక్క నల్లటి ముద్ద. వేలికంటితే సబ్బుకు పోదు, ప్యాంటుకంటితే ఉతుక్కి లొంగదు. ఆ ముద్దలోని ఇసుకే లింకుల మధ్య దూరి పిన్నులను అరగదీస్తుంది. చైను సాగిందంటాం గాని ఇనుము సాగలేదు. వందకు పైగా పిన్నులు తలా కాస్తా అరిగాయి, అంతే.

ఆ ముద్దను ఎరుగనిదానా, నూనె అడగనిదానా, నల్లని నిశ్శబ్దమా, ఓ బెల్టూ! నీ మీద నాలుగు మాటలు.

నీది పాత వంశమే. ధాన్యం మరలో ఆయిలింజను దడదడలాడుతుంటే షాఫ్టుకూ హల్లరుకూ మధ్య వెడల్పాటి బెల్టు పరుగెత్తడం చూసిన తరం ఈ ఊళ్ళలో ఇంకా ఉంది. 2022లో తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది గాని ఆ జ్ఞాపకం మాత్రం కృష్ణా జిల్లాదే. మోటారు సైకిలు పుట్టిన కొత్తలోనూ నువ్వే దాన్ని లాగావు, తోలు రూపంలో. వాన పడితే జారావు, వాడగా వాడగా సాగావు. ఇంగ్లండులో హాన్స్ రెనాల్డ్ 1880లోనే రోలర్ చైను చేసి పెట్టి ఉన్నాడు. ఇంజన్ల బలం పెరిగేసరికి నీ కాలం చెల్లింది. హార్లీ డేవిడ్సన్ సైతం 1912లో చైను వైపు మళ్ళడం మొదలుపెట్టింది.

నీకు పునర్జన్మ ఇచ్చినామె స్టెఫనీ క్వోలెక్. 1965, అమెరికాలో డ్యూపాంట్ ప్రయోగశాల. టైర్లలో ఉక్కు తీగకు బదులు తేలికపాటి దారం కోసం వెతుకుతుంటే ఆమె చేతికి ఒక ద్రావణం వచ్చింది, పలచగా, మసకగా. అలాంటి ద్రావణాలు చిక్కగా, తేటగా ఉండాలి. ఇది పోస్తే యంత్రం సన్నని రంధ్రాలు పూడుకుపోతాయని దారం తీసే ఉద్యోగి జంకాడు. ఆమె పట్టు వదలలేదు. వచ్చిన దారం తెగలేదు. అదే కెవ్లార్, బరువుకు బరువు తూస్తే ఉక్కుకు ఐదింతల బలం. 1980లో హార్లీ స్టర్జిస్ అనే 1340 సీసీ బండిని దించినప్పుడు ఇంజను నుంచి క్లచ్చుకు ఒక బెల్టు, గేరుబాక్సు నుంచి వెనక చక్రానికి ఇంకో బెల్టు. తోలుగా వెళ్ళినదానివి 68 ఏళ్ళకు కొత్త నరాలతో తిరిగొచ్చావు. 2014లో హర్యానా ఫ్యాక్టరీ నుంచి మన రోడ్ల మీదికొచ్చిన హార్లీ స్ట్రీట్ 750కీ నువ్వే దిక్కు. ఏథర్ 450 స్కూటర్ చక్రం తిప్పేదీ నువ్వే. దాని మీద రోజూ కాలేజీకి పోయే కుర్రాడికి నువ్వున్నావన్న సంగతే తెలియదు. నూనె అడిగితే కదా తెలిసేది!

చైను తిరిగే పళ్ళ చక్రం, స్ప్రాకెట్, గుండ్రంగా ఉందనుకుంటాం. చైనుకు మాత్రం అది గుండ్రం కాదు. లింకు వంగదు గనక 15 పళ్ళ స్ప్రాకెట్ దానికి 15 మూలల బిళ్ళ. మూల మూలకూ చైను రవ్వంత లేస్తుంది, రవ్వంత దిగుతుంది. కాలి కింద వణుకు, చెవిలో గరగర చాలావరకు దాని పుణ్యమే. నువ్వు వంగుతావు. పైన పాలీయురితేన్ ఒళ్ళు, లోన కెవ్లారో కార్బనో దారాలు, అడుగున గుండ్రని పళ్ళు. పుల్లీ గాడిలోకి ఒక్కొక్క పన్నూ చప్పుడు లేకుండా ఒదుగుతుంది, చప్పుడు లేకుండా వీడుతుంది. పళ్ళున్నాయి గనక తోలు నాటి జారుడు లేదు.

అయితే బలమైన బండికి నిన్ను తగిలించడం మెడలో పూలదండ వేసినంత తేలిక కాదు. ఇక్కడ స్తోత్రం కాసేపు ఆపి లెక్క చెప్పాలి. 100 హార్స్ పవర్ దరిదాపుల్లో ఉన్న బండి మొదటి గేరులో, గేరుబాక్సు బయటి షాఫ్టు దగ్గర 400 న్యూటన్ మీటర్ల టార్కు ఉందనుకుందాం. ముందు స్ప్రాకెట్ అర్ధవ్యాసం 4 సెంటీమీటర్లయితే చైను మీద పడే లాగుడు 10,000 న్యూటన్లు, అంటే సుమారు టన్ను బరువు. ఉక్కు చైను దానికి చలించదు. నువ్వు చలిస్తావు. అర్ధవ్యాసం 7 సెంటీమీటర్లకు పెంచితే లాగుడు 5,700కు దిగుతుంది. చిన్న పుల్లీ చుట్టూ మరీ వంపు తిరిగితే నీ లోపలి దారాలు అలసిపోతాయి కూడా. అందుకే ముందు పుల్లీ పెద్దది కావాలని పేచీ పెడతావు.

సరే, పెద్దదే వేద్దాం. పన్నుకూ పన్నుకూ 14 మిల్లీమీటర్ల దూరం ఉన్న బెల్టు తీసుకుని ముందు 30 పళ్ళు పెడితే ఆ పుల్లీ వ్యాసం 13 సెంటీమీటర్లు దాటుతుంది. మునుపు చైను మీద ముందు 15, వెనక 45 పళ్ళుండేవి, అంటే నిష్పత్తి 3. అదే నిలపాలంటే వెనక పుల్లీకి 90 పళ్ళు కావాలి. వ్యాసం 40 సెంటీమీటర్లు! 17 అంగుళాల రిమ్ము వ్యాసమే 43. ఇక్కడే రాజీ. వెనక 70 పళ్ళకు దిగితే నిష్పత్తి 2.33. బండి కదిలేటప్పుడు బద్ధకిస్తుంది, హైవే ఎక్కాక తక్కువ ఆర్పీఎంతో తాపీగా పోతుంది. కింది నుంచే టార్కు నిండుగా ఉన్న ఇంజను ఆ రాజీని భరిస్తుంది. ఆర్పీఎం ఎక్కితే గాని మేలుకోని ఇంజను భరించదు. ట్రాకు ట్రాకుకూ నిష్పత్తి మార్చుకునే రేసు బళ్ళు ఇవాళ్టికీ చైనును వదలలేదు. వాటిని తప్పుపట్టలేం.

తిరువూరులో చైను కిట్టు మార్చడానికి పూట కూడా పట్టదు. నీ కోసమైతే 70 పైచిలుకు కిలోమీటర్ల దూరంలోని విజయవాడ ఆటోనగర్ లాంటి చోటు వెతకాలి, లేత్ మిషన్ ముందు ఓపిగ్గా నిలబడాలి. అల్యూమినియం దిమ్మెను గుండ్రంగా తీసి, పళ్ళు కోసి, పైపొర గట్టిపడేలా ఆనోడైజింగ్ చేయించాలి. గేరుబాక్సు షాఫ్టు మీద కూర్చునే ఉక్కు నడిభాగానికి స్ప్లైన్లనే లోపలి గాళ్ళు వైర్ కట్‌లో తీయించాలి. వెడల్పు ఇంకో తంటా. పెద్ద హార్లీల మీద నువ్వు అంగుళం పైన వెడల్పుంటావు. అంత చోటు చైను బండిలో ఎక్కడిది? ఒక పక్క టైరు, ఒక పక్క వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్. రెండు పుల్లీలూ ఒకే గీతలో లేకపోతే ఒక అంచుకు జరిగి ఆ అంచునే నమిలేసుకుంటావు. ఈ పనిలో అసలు కథానాయకుడు బెల్టు కొన్నవాడు కాదు, వెర్నియర్ పట్టుకున్న టర్నరు.

ఆది లేదు నీకు, అంతం లేదు. దేవుడి గురించి అంటే భక్తి, నీ గురించి అంటే చాకిరీ. చైనుకైతే లింకు విప్పి, చుట్టి, మళ్ళీ రివెట్ కొట్టొచ్చు. నీకు అతుకే లేదు గనక స్వింగ్ ఆర్మ్ ఇరుసు లాగి, దాన్ని దించి, నిన్ను లోపలికి పంపి, అన్నీ తిరిగి బిగించాలి. గతుకులో చక్రం లేచి పడినప్పుడల్లా రెండు పుల్లీల మధ్య దూరం మారుతుంది. చైను తన లూజుతో సర్దుకుంటుంది, నీకు అంత లూజు ఉండకూడదు. హార్లీ పద్ధతిలో నాలుగున్నర కిలోల బలంతో నిన్ను పైకి నెట్టి, ఎంత లేచావో కొలుస్తారు. బిగిస్తే బేరింగులు ఏడుస్తాయి, వదిలేస్తే పళ్ళు దాటుతాయి.

నీ శత్రువు వాన కాదు, రాయి. కట్టలేరు వాగు ఒడ్డు దారిలో బురద పడితే నీళ్ళు పోసి కడిగితే చాలు. కంకర ముక్క ఒకటి నీకూ పుల్లీకీ మధ్య దూరిందా, దారాలు పుటుక్కుమంటాయి. కింద గార్డు లేకుండా నిన్ను రోడ్డెక్కించడం నా దృష్టిలో నేరం. నిన్ను మడిచి సంచీలో కుక్కడమూ అంతే. ఒక్క మడతకే లోపలి దారం చిట్లి, ఏ వంద కిలోమీటర్ల తరువాతో తెగుతావు. చైను తెగితే లింకు వేసుకుని ఇల్లు చేరతాం. నువ్వు తెగితే బండి ట్రాలీ ఎక్కాల్సిందే.

ఇన్ని తెలిసీ నిన్ను పొగుడుతున్నాను. అన్నీ కుదిరిన నాడు నువ్వు లక్ష కిలోమీటర్లు దాటినా నూనె చుక్క అడగవు. పెళ్ళికి తెల్ల పంచె కట్టుకుని ఎక్కినా మరక పెట్టవు. మామిడి కోతల కాలంలో సాయంత్రం రెడ్డిగూడెం వైపు వెళ్తుంటే ఇంజను గొంతు ఒక్కటే వినిపిస్తుంది, గాలి వినిపిస్తుంది, తోటలో గంపలు దించేవాళ్ళ మాటలు వినిపిస్తాయి. చైను గరగర కింద ఇన్నాళ్ళూ అణిగి ఉన్నవి ఇవన్నీ.

మార్చాలని మనసు పడినవారికి రెండు మాటలు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ బండిలో మార్పులకు హద్దులు పెట్టింది. తయారీదారు వివరాలకు విరుద్ధంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి ముందు ఆర్టీవో ఆఫీసులో రాసిచ్చి అడగండి. అనుమతి చేతికొచ్చాక స్వింగ్ ఆర్మ్ పక్కన ఎంత చోటుందో కొలిపించండి, ఆ తరువాతే బెల్టు కొనండి. విప్పిన చైను కిట్టును పాత ఇనుముకు వేయకండి, గుడ్డలో చుట్టి దాచండి.